బస్సుకు దారి కంటే ముందు ఆగే చోటు కావాలి

శ్రీకాకుళం పట్టణంలోకి రైలు రాదు. జిల్లా కేంద్రం పేరు పెట్టుకున్న స్టేషను ఆమదాలవలసలో ఉంది. దాని పలక మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని రాసి ఉంటుంది. రైల్వేవారు ఊరి పేరు పక్కన ‘రోడ్’ అని చేర్చారంటే, ఊరు ఇక్కడ లేదు, ఇక్కడ దిగి రోడ్డు పట్టుకోవాలి అని అర్థం. ఆ రోడ్డు పొడవు సుమారు 13 కిలోమీటర్లు. హౌరా వైపు నుంచి వచ్చినా, విశాఖ వైపు నుంచి వచ్చినా, రైలు దిగిన మనిషి శ్రీకాకుళం చేరాలంటే బస్సో, షేర్ ఆటోయో ఎక్కక తప్పదు. పాతపట్నం, నరసన్నపేట, టెక్కలి, రణస్థలం నుంచి ఆస్పత్రికీ, కలెక్టరేటుకూ, కాలేజీకీ వచ్చేవారిలో సొంత బండి లేనివారి సంగతీ ఇంతే. రైలు లేని జిల్లా కేంద్రానికి బస్సే రైలు. అయితే ఆ రైలు నడిచే పట్టాల మీద ఎవరి బండ్లు నిలిచి ఉంటున్నాయన్నదే ప్రశ్న.

ట్రాఫిక్ గురించి మాట ఎత్తగానే వాహనాల సంఖ్య లెక్కపెట్టడం అలవాటు. రోడ్డు ఇరుకు, బండ్లు ఎక్కువ, కాబట్టి వెడల్పు చేయాలి అన్న వాదన అక్కడి నుంచే పుడుతుంది. 2006లో కేంద్రం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం ఈ లెక్కను తిరగేసింది. రోడ్డు మీది చోటును వాహనాలకు కాక మనుషులకు పంచాలని అందులో ఉంది. వినడానికి నినాదంలా ఉన్నా, దీన్ని అంకెల్లోకి దించవచ్చు.

వేర్వేరు వాహనాలను ఒకే కొలతలోకి తేవడానికి ఇంజనీర్లు కారును ప్రమాణంగా తీసుకుంటారు. ఒక కారు ఒక యూనిట్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆ రకం వాహనాలు మొత్తంలో పదో వంతు మించితే, బస్సు 3.7 యూనిట్లు, ఆటో 2, ద్విచక్ర వాహనం 0.75 యూనిట్లు అవుతాయి. దీనికి మనుషులను జోడిస్తే బొమ్మ మారిపోతుంది. గంటలో ఒక కూడలి దాటాల్సినవారు వెయ్యి మంది అనుకుందాం. యాభై మంది చొప్పున బస్సుల్లో వెళితే 20 బస్సులు, అంటే 74 యూనిట్లు. ఆరుగురు చొప్పున షేర్ ఆటోల్లో అయితే 167 ఆటోలు, 334 యూనిట్లు. ఇద్దరు చొప్పున కార్లలో అయితే 500 యూనిట్లు. ఒక్కొక్కరు ఒక్కో మోటారుసైకిల్ మీద బయలుదేరితే 750 యూనిట్లు.

చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. పెద్ద నగరాల్లో ఈ చర్చ బస్సుకూ కారుకూ మధ్య తగువుగా, అంటే పేదకూ ధనికుడికీ మధ్య తగువుగా సాగుతుంది. శ్రీకాకుళం వంటి ఊళ్లో ఆ కథ అతకదు. ఇక్కడ బస్సుకు అసలు పోటీ మోటారుసైకిల్. అది విలాస వస్తువు కాదు, బస్సు వేళకు రాదన్న అనుభవంతో వాయిదాల మీద కొనుక్కున్న బండి. దాని మీద కోపం పెట్టుకుని ప్రయోజనం లేదు. పైగా ఈ యూనిట్లు కదిలే ప్రవాహం మీద పడే ఒత్తిడికి కొలత మాత్రమే, నేల మీద పట్టే వైశాల్యానికి కాదు. భార్యాభర్తలు కలిసి వెళితే మోటారుసైకిల్ లెక్క తలకు 0.375కు దిగి ఆటో దరికి వస్తుంది. ఎటు తిప్పి చూసినా సగం నిండిన బస్సు కూడా వీటన్నిటి కన్నా తక్కువ చోటుతో ఎక్కువ మందిని దాటిస్తుంది. ఆటోను నోరారా తిట్టుకోవడం ఊళ్లో అందరికీ అలవాటే కానీ, నిండా జనంతో వెళ్లే ఆటో ఈ వరుసలో రెండో స్థానంలో ఉంది.

బస్సు ఆలస్యం వల్ల నష్టం అందులో కూర్చున్నవారికేనని అనుకుంటే పొరపాటు. స్టాపులో నిలబడినవారికి ఇంకా ఎక్కువ నష్టం. ఆమదాలవలస దారినే ఉదాహరణకు తీసుకుందాం. కింది అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే. నాలుగు బస్సులు తిరుగుతున్నాయి. ఒక వైపు ప్రయాణం 30 నిమిషాలు, రెండు చివర్లా పదేసి నిమిషాల విరామం. అంటే బస్సు ఒక చుట్టు తిరిగి రావడానికి 80 నిమిషాలు, స్టాపులో ప్రతి 20 నిమిషాలకు ఒక బస్సు. ఊళ్లో రద్దీ వల్ల పోను పది, రాను పది నిమిషాలు పెరిగితే చుట్టుకు 100 నిమిషాలు పడుతుంది. అవే నాలుగు బస్సులు, అదే డీజిలు, అదే సిబ్బంది. కానీ ఇప్పుడు బస్సు 25 నిమిషాలకు ఒకటి. మళ్లీ 20 నిమిషాలకు ఒకటి నడపాలంటే అయిదో బస్సు కొనాలి, దానికి డ్రైవరునూ కండక్టరునూ వేయాలి. ఆ అయిదో బస్సు చేసే పనల్లా కూడళ్లలో పోయిన ఇరవై నిమిషాలను పూడ్చడమే. దారి అడ్డు తీసేస్తే ఆ బస్సు కొన్నంత ఫలితం ఉచితంగా దక్కుతుంది. బస్సులు చాలడం లేదని ప్రజాప్రతినిధులు ఇచ్చే వినతిపత్రాల్లో కూడలి ప్రస్తావన సాధారణంగా ఉండదు. ఉండాల్సింది అక్కడే.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఈ లెక్క మరింత బిగిసింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్ డబ్బు లేదు. శ్రీకాకుళం జిల్లాలో తిరిగేవి ఎక్కువగా ఈ రకాలే. బస్సు నిండా జనం ఉన్నప్పుడు స్టాపులో ఆగే సమయం పెరుగుతుంది. దిగేవారు దిగాలి, ఎక్కేవారు ఎక్కాలి, కండక్టరు సున్నా టికెట్ కొట్టాలి. ఆ సమయం తగ్గించలేనిది. కాబట్టి స్టాపుకూ స్టాపుకూ మధ్య పోయే సమయం మీదే చెయ్యి వేయాలి. టికెట్ భారం ప్రభుత్వం మోస్తున్నప్పుడు, రద్దీలో బస్సు నిలిచిపోయిన ప్రతి నిమిషం ఖర్చూ ఖజానాదే.

బస్సుకు ప్రాధాన్యం అనగానే ఉత్తరాంధ్ర పాఠకుడికి గుర్తొచ్చేది, బస్సులకు విడిగా దారి ఇవ్వడానికి తలపెట్టిన విశాఖ బీఆర్‌టీఎస్. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం నిధులతో పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి చేపట్టారు. రెండోది ఏళ్ల తరబడి పూర్తికాలేదు. విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు అన్న పేరు స్థిరపడింది కానీ, ఆ పేరులో ‘బి’ అంటే బస్సు అని చాలామందికి స్ఫురించనంతగా దారి వేరే పనులకు మళ్లింది. దిల్లీ కథ ఇంకా పాఠం నేర్పుతుంది. అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మేర 2008లో రోడ్డు మధ్యలో బస్సులకు విడిగా దారి ఇచ్చారు. కార్లవారి తరఫున ఒక సంస్థ కోర్టుకెక్కింది. 2012లో హైకోర్టు బస్సుల పక్షానే నిలిచింది. అయినా 2016లో ఆ దారిని పీకేశారు. చట్టం గెలిపించినా కూడళ్లు గెలిపించలేదు. విడి దారిలో బస్సు జోరుగా వచ్చి, సిగ్నల్ దగ్గర వరుసలో ఇరుక్కునేది. స్టాపు సరిగ్గా కూడలి ముందే ఉండడంతో ముందు బస్సు కదిలేదాకా వెనకది కదిలేది కాదు. మరోవైపు బొగోటా 2000లో మొదలుపెట్టిన బస్సు వ్యవస్థలో స్టేషన్ల దగ్గర ఒక బస్సు మరో బస్సును దాటి వెళ్లడానికి అదనపు వరుస ఉంచారు. తేడా అక్కడే వచ్చింది.

శ్రీకాకుళానికి విడి దారి మాట వర్తించదు. బస్సు వెడల్పు రెండున్నర మీటర్లు, దానికి ఒక వరుస కేటాయించాలంటే మూడు మీటర్లకు పైగా కావాలి. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల, జీటీ రోడ్డు దుకాణాల మధ్య, రెండు వైపులా అంత చోటు తీసి ఇవ్వడం కూల్చివేతలు లేకుండా జరగదు. కూల్చివేతలంటే కోర్టులు, పరిహారాలు, పదేళ్లు. కానీ విఫలమైన పథకాలను చూస్తే అర్థమయ్యేది మరొకటి ఉంది. బస్సు సమయం పోయేది దారి పొడవునా కాదు, కొన్ని మూలల దగ్గర. ఆ మూలలు బాగుచేస్తే విడి దారి లేకపోయినా చాలా వరకు పని జరుగుతుంది.

మొదటి మూల, స్టాపు ఎక్కడ ఉందన్నది. మన ఊళ్లలో స్టాపును ఎవరూ నిర్ణయించరు, అది ఏర్పడుతుంది. కూడలి మలుపులో టీ బడ్డీ, దాని నీడలో నలుగురు, వారిని చూసి ఆగిన బస్సు. కొన్నాళ్లకు అదే స్టాపు. సాధారణంగా అది కూడలికి ముందు, మలుపు మూతిలోనే ఉంటుంది. అక్కడ బస్సు ఆగితే ఎడమకు తిరగాల్సిన బండ్లు దాని వెనక బిగుసుకుంటాయి, తిరగలేనివారు కుడి నుంచి దూసుకొచ్చి బస్సు ముందు అడ్డంగా తిరుగుతారు. సిగ్నల్ ఉన్నచోట ఇంకో నష్టం. పచ్చ దీపం వెలిగినంతసేపూ బస్సు జనాన్ని ఎక్కించుకుంటుంది, తలుపు మూసేసరికి ఎరుపు పడుతుంది. అదే స్టాపును కూడలి దాటాక, వెనక మరో బస్సు పట్టేంత ఎడం వదిలి పెడితే ఈ రెండూ తప్పుతాయి. బస్సు పచ్చ దీపంలో కూడలి దాటేస్తుంది. జనం ఎక్కుతున్నంతలో వెనక సిగ్నల్ ఎరుపు పడి రోడ్డు ఖాళీ అవుతుంది, బస్సు ఎవరినీ ఒరుసుకోకుండా మళ్లీ వరుసలోకి వస్తుంది. దీనికి అయ్యే ఖర్చు ఒక షెల్టరును యాభై అడుగులు జరపడం. పెద్ద ఖర్చు టీ బడ్డీని జరపడం. అది డబ్బు ఖర్చు కాదు, మాట ఖర్చు.

రెండోది బస్ బే. రోడ్డు అంచున గూడులా లోపలికి తీసి, బస్సు అందులోకి వెళ్లి ఆగే ఏర్పాటు ఇది. బస్సుల కోసం చేసిన సౌకర్యంగా దీన్ని ప్రారంభోత్సవాల్లో చెబుతుంటారు. నిజానికి ఇది వెనక వచ్చే కార్లకు చేసిన సౌకర్యం. బస్సు దారి తొలగి పక్కకు పోతే మిగతావారు ఆగకుండా వెళ్లిపోవచ్చు. యాభై మంది ఉన్న బస్సు మాత్రం తిరిగి రోడ్డెక్కడానికి ఒక్కొక్కరు ఉన్న బండ్ల దయ కోసం కాచుకోవాలి. పైగా గూడు ఖాళీగా కనిపిస్తే చాలు, పది నిమిషాల్లో అందులో ఓ పండ్ల బండి, రెండు ఆటోలు, ఎవరిదో కారు చేరతాయి. అప్పుడు బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, జనం దానికోసం రోడ్డు మధ్యకు పరిగెడతారు. వేగం ఎక్కువుండే జాతీయ రహదారి మీద ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం వంటి చోట్ల బే అవసరమే, అక్కడ అది ప్రాణరక్షణ. ఊరి నడిబొడ్డున దానికి తిరగేసిన పద్ధతి మేలు. పేవ్‌మెంటునే కాస్త ముందుకు జరిపి, బస్సు తన వరుసలోనే ఆగేలా చేయాలి. వెనక బండ్లు అర నిమిషం ఆగుతాయి. ఆగితే ఏమవుతుంది?

ఇక షేర్ ఆటో. మున్సిపల్ సమీక్షల్లో ఆటోకు రెండే పాత్రలు: సంక్షేమ పథకం లబ్ధిదారు, లేదంటే ట్రాఫిక్ నేరస్థుడు. 2025 అక్టోబరులో ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పేరిట డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున ఇచ్చారు. ఉచిత బస్సు వల్ల పోయిన గిరాకీకి అది ఊరట. అదే డ్రైవరు మర్నాడు కూడలిలో బండి ఆపితే చలానా. మూడో పాత్ర, అంటే ఊరిని మోస్తున్న రవాణా వ్యవస్థలో భాగస్వామి అన్నది, ఏ కాగితం మీదా కనిపించదు.

దీనికి మూలం చట్టంలో ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, దారిలో ఆగుతూ ఒక్కొక్కరినీ ఎక్కించుకుని విడివిడిగా చార్జీ తీసుకునే వాహనం స్టేజ్ క్యారేజి. అది డ్రైవరు కాక ఆరుగురి కన్నా ఎక్కువ మంది పట్టేలా ఉండాలి. ఆటో ఆ కొలతకు అందదు, దానికిచ్చేది కాంట్రాక్ట్ క్యారేజి పర్మిట్. మాట్లాడుకున్నవారిని ఒకచోట ఎక్కించుకుని మరోచోట దింపాలి, మధ్యలో కొత్తవారి కోసం ఆగకూడదు. కానీ దారిలో చెయ్యెత్తిన ప్రతివారి కోసం ఆగడమే షేర్ ఆటో జీవనం. చట్టం కళ్లకు షేర్ ఆటో అనేది లేదు. లేనిదానికి స్టాపు ఎవరు కట్టిస్తారు?

ఆటో కూడలి మూతిలోనే ఎందుకు నిలుస్తుందో కూడా చూడాలి. డ్రైవరు మొండితనం కాదది. బండి నిండితేనే కిరాయి గిట్టుబాటు. రెండు దారుల జనం కలిసే చోట అది తొందరగా నిండుతుంది. నిండేదాకా ఆగడం, వెనక బస్సు వస్తుంటే దాని కన్నా ముందు స్టాపుకు చేరి నలుగురిని ఎత్తుకోవడం, రెండూ లెక్క ప్రకారం సబబే. హోంగార్డు లాఠీతో తరిమితే పక్క మలుపుకు వెళ్తుంది, అతను పక్కకు తిరగగానే వస్తుంది. ఈ ఆట రోజూ సాగేదే.

ఆటో స్టాండ్లలో డ్రైవర్లు సొంతంగా పాటించే సీరియల్ పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. ముందు వచ్చిన బండి ముందు నిండుతుంది, అది కదిలాకే రెండోది. పోటీ లేదు కాబట్టి తొందర లేదు, అరుపులు లేవు. ఆ వరుసకు కూడలి దాటాక, బస్సు స్టాపుకు ఇరవై ముప్పై మీటర్ల అవతల, గీత గీసిన చోటు ఇస్తే మూతి ఖాళీ అవుతుంది. చట్టంలో వీలుంది. ప్రజా రవాణా వాహనాలు ఎక్కే దిగే సమయం కన్నా ఎక్కువసేపు ఎక్కడ ఆగవచ్చో నిర్ణయించే అధికారం అదే 1988 చట్టంలోని 117వ సెక్షన్ ఇస్తోంది. ఆటోకు కావలసింది సరిగ్గా ఆ ‘ఎక్కువసేపే’. ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదుట, డే అండ్ నైట్ కూడలి దగ్గర, ఆమదాలవలస స్టేషను బయట అటువంటి చోట్లు నిర్ణయించి, ఏ ఊరి ఆటో ఎక్కడ దొరుకుతుందో తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి. రాత్రి రైలు దిగిన ముసలి మనిషి ఎవరినీ బతిమాలకుండా తన ఆటోను వెతుక్కోగలగాలి.

అయితే ఇవన్నీ చేయడానికి రోడ్డు అంచున చోటు కావాలి, ఆ చోటులో ఇప్పుడు బండ్లు నిలిపి ఉన్నాయి. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. దుకాణదారుల భయం అర్థం కానిది కాదు. గుమ్మం ముందు బండి ఆపుకోలేకపోతే కొనేవాడు పక్క వీధికి పోతాడని. కానీ రెండు మూడు కార్లు రెండు గంటలు నిలిచిన చోటు ఏం చేయగలదో లెక్కవేస్తే, మూడు నిమిషాలకొక బస్సు చొప్పున అదే రెండు గంటల్లో అక్కడ 40 బస్సులు ఆగగలవు. ఒక్కో దాని నుంచి అయిదుగురు దిగినా 200 మంది. ఆ కార్ల నుంచి దిగేది పదిమంది లోపే. పైగా కూడలి మూతిలో రోజంతా నిలిచేవి కొనుగోలుదారుల బండ్లేనా, దుకాణం యజమానులవీ సిబ్బందివీనా అన్నది ఒక పూట నిలబడి చూస్తే తేలిపోతుంది. అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

అంబులెన్సుకు దారివ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని 2019 చట్ట సవరణ చెబుతోంది. రిమ్స్‌ ఆస్పత్రికి వెళ్లే 108 వాహనం ఇరుక్కునేది కదిలే ట్రాఫిక్‌లో కన్నా, పక్కకు తప్పుకోవడానికి చోటులేని ట్రాఫిక్‌లోనే. తప్పుకునే చోటును తినేసినది నిలిపి ఉంచిన బండి. దానికి ఆ జరిమానా పడదు, డ్రైవరు సీట్లో ఎవరూ లేరు కదా.

ఊరు ఇలాంటి మార్పుకు పూర్తిగా కొత్తది కూడా కాదు. అరసవల్లి రథసప్తమికి ఏటా రోడ్లు మూస్తారు, బండ్లను దూరంగా ఆపిస్తారు. 2025లో అది రాష్ట్ర పండుగ కూడా అయింది. విజయనగరంలో సిరిమాను తిరిగే వేళ కోటకూ గుడికీ మధ్య ఒక్క బండి కదలదు. దేవుడి కోసమైతే సర్దుకునే జనం ఆస్పత్రికి వెళ్లే బస్సు కోసం సర్దుకోరని ముందే తీర్పు చెప్పేయడం అధికారుల సౌకర్యం కోసమే.

ప్రయోగానికి చట్టం ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచింది. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద, ప్రజల సౌకర్యం కోసం ఏదైనా రోడ్డు మీద ఫలానా రకం వాహనాలను పరిమితం చేయవచ్చు. ఆ ఆంక్ష నెల రోజులకు మించనిదైతే గెజిట్ ప్రకటన కూడా అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. కాబట్టి ఏడు రోడ్ల కూడలికి వచ్చే ఏదో ఒక దారిలో, ఉదయం ఎనిమిది నుంచి పది వరకు, సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు, బస్సులూ ఆటోలూ సైకిళ్లూ అంబులెన్సులూ మాత్రమే వెళ్లేలా నెల రోజులు పెట్టి చూడవచ్చు. సిమెంటు పోయనక్కర్లేదు, నాలుగు డ్రమ్ములూ ఒక తాడూ చాలు. మిగతా బండ్లకు పక్క వీధులు ఉన్నాయి, వాటిలో పడే భారాన్ని కూడా కొలవాలి. అక్కడ జనం అల్లాడిపోతే ప్రయోగం తప్పని ఒప్పుకోవాలి.

కొలిచేటప్పుడు వాహనాలను కాదు, వాటిలోని తలలను లెక్కపెట్టాలి. కూడలికి వచ్చే ప్రతి దారిలో ఇద్దరేసి విద్యార్థులు, చేతిలో కాగితం, ప్రయోగానికి ముందు మూడు రోజులు, మధ్యలో మూడు రోజులు, తర్వాత మూడు రోజులు. దాంతోపాటు బస్సు కాంప్లెక్స్ నుంచి ఊరి చివర వరకు వెళ్లడానికి పట్టిన సమయం. ఆ సమయం ప్రతి డ్రైవరుకూ తెలుసు, అడిగినవారు లేరు.

నెల ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. మాఘంలో పెడితే అరసవల్లి ఆదివారాల రద్దీ లెక్కను తారుమారు చేస్తుంది. మేలో కాలేజీలు ఉండవు, రోడ్లు ఖాళీగా కనిపించి ప్రయోగం ఉత్తినే గెలుస్తుంది. సంక్రాంతి ముందు దుకాణదారులు వినరు, వినమనడం న్యాయమూ కాదు. బడులూ కాలేజీలూ తెరిచి, వానలు పడుతూ, పెళ్లిళ్లు లేని ఆషాఢమైతే అన్ని విధాలా తగినది. గిరాకీ ఎలాగూ పలచగా ఉండే ఆ నెలలో దుకాణం ముందు చోటు అడగడానికి కొంచెం మొహం చెల్లుతుంది. వానలో తడుస్తూ స్టాపులో నిలబడ్డవాడికి బస్సు అయిదు నిమిషాలు ముందొస్తే ఎలా ఉంటుందో కూడా అప్పుడే తెలుస్తుంది.